కాఫీ తోటలో మిత్రపురుగులు: ఎవరికి ఏది పనిచేసింది?

పాడేరు_తోట: మాది అరబికా. సిల్వర్ ఓక్ నీడ, మిరియాల తీగలు. ఎండలు ముదిరేసరికి లేత కొమ్మల్లో, కాయ గుత్తుల్లో పిండినల్లి తెల్లగా పట్టేస్తోంది. మందులు కొట్టే అలవాటు మాకు లేదు, మొదలుపెట్టాలనీ లేదు. అక్షింతల పురుగులు వదిలినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. 2025లో అరకు వైపు కాయతొలుచు పురుగు కూడా బయటపడింది కదా, దానికీ ఇవే పనికొస్తాయా?

చిక్కమగళూరు_నాయుడు: పిండినల్లికైతే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగును వదులు తమ్ముడూ. నల్లటి రెక్కలు, ఇటుక రంగు తల. 1898లోనే ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు, అదీ కాఫీని పట్టిన పచ్చ పొలుసు పురుగు కోసం. తర్వాత అసలు పేరు తెచ్చుకున్నది పిండినల్లి మీదే. ఒక్కటి మాత్రం కూలీలకు ముందే చూపించు: దీని పిల్ల పురుగు ఒంటినిండా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పెద్ద పిండినల్లిలాగే ఉంటుంది. తెలియనివాళ్లు నలిపేస్తారు. పుల్లతో కదిపి చూడండి. చకచకా పాకితే అది మనదే, నల్లికి అంత పరుగు లేదు.

చింతపల్లి_మన్యం: చీమల సంగతి ఎవరూ ఎత్తలేదేం? నల్లి వదిలే తీపి బంక కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, దగ్గరికొచ్చిన అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. చీమలు బారులు కట్టిన మొక్క మీద వదిలితే డబ్బులు దండగ. మేం ముందు నేలకు ఆనే కొమ్మలు కత్తిరిస్తాం, మొదళ్ల చుట్టూ కలుపు తీస్తాం, ఆ తర్వాతే వదులుతాం.

కూర్గ్_నుంచి: కాయతొలుచు పురుగు దారి వేరండీ. 1990లో నీలగిరి జిల్లా గూడలూరులో మొదట కనబడింది, అక్కణ్నుంచి మా వైపూ పాకింది. మిల్లీమీటరున్నర ఉండే తల్లి పురుగు కాయ బొడ్డు దగ్గర సూది బెజ్జమంత కన్నం చేసి లోపలికి పోతుంది. గుడ్లు, పిల్లలు అన్నీ గింజలోనే. పైన తిరిగే అక్షింతల పురుగుకు అది అందదు. అందుకే కాయలోకి దూరి దాని పిల్లల మీదే గుడ్లు పెట్టే సెఫలోనోమియా అనే బుల్లి కందిరీగను మెక్సికో నుంచి తెప్పించి ఇక్కడి తోటల్లో వదిలారు. అయినా నా లెక్కలో మొదటి మందు చేతులే. కోతయ్యాక చెట్టు మీద గానీ, నేల మీద గానీ ఒక్క కాయ మిగలకూడదు. మిగిలిన కాయలోంచే వచ్చే ఏడాది పురుగు లేస్తుంది.

చిక్కమగళూరు_నాయుడు: నిజం. కెన్యాలో ఇంకో ముచ్చట ఉంది. ఒక రకం తామరపురుగు ఆ కన్నంలోంచే లోపలికెళ్లి గుడ్లు, పిల్లల్ని తింటోందని 2010లో తేల్చారు, దాని పొట్టలోని డీఎన్ఏ పరీక్షించి మరీ. మన తోటల్లోనూ ఊరూపేరూ లేని మిత్రపురుగులు ఎన్నున్నాయో! మందు కొడితే ముందు పోయేవి అవే.

పాడేరు_తోట: చాలా సాయం చేశారన్నా. క్రిప్టోలీమస్ ఎక్కడ దొరుకుతుంది?

చింతపల్లి_మన్యం: ముందు ఆర్.వి. నగర్‌లోని కాఫీ పరిశోధన కేంద్రంలో అడుగు. వీటిని గుమ్మడికాయల మీద పిండినల్లి ఎక్కించి పెంచుతారు, అప్పటికప్పుడు పుట్టవు, కాబట్టి ఎండలకు ముందే చెప్పిపెట్టుకో. తెచ్చాక సాయంత్రం చల్లబడ్డాక, నల్లి బాగా పట్టిన మొక్కల మీదే వదులు. తోటంతా చల్లక్కర్లేదు.