అప్‌డేట్: తాతగారి చిట్టాలోని ‘లాడనం’ ఏమిటో తేలింది

దేవరకొండలో కాంపౌండరుగా పనిచేసిన మా తాతగారి చిట్టాలో ‘కడుపునొప్పి, విరేచనాలు: లాడనం 10 చుక్కలు’ అని ఉన్నదానికి అర్థమేమిటని ఇక్కడ అడిగాను, జవాబిచ్చినవారికి కృతజ్ఞతలు. అది నల్లమందును ఆల్కహాలులో నానబెట్టి తీసిన టింక్చరన్న సూచనే సరైనదని, నల్లగొండలో ఫార్మకాలజీ బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకులొకరు చిట్టా చూసి నిర్ధారించారు. నేను ఇన్నాళ్లూ ఎవరిదో సంతకమనుకున్న ఉర్దూ గీతలు, సిరా చెదిరిన ఆ పుట అంచున తాతగారే రాసుకున్న ‘అఫ్యూన్’ (నల్లమందు) అనే మాట అని ఆయన చదివి చూపారు. 17వ శతాబ్దంలో ఇంగ్లండు వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ ప్రచారంలోకి తెచ్చిన ఈ మందులో మార్ఫిన్ సుమారు 1 శాతం ఉంటుంది. అది నొప్పిని తగ్గించడమే కాక పేగుల కదలికనూ మందగింపజేస్తుంది. అత్తర్లు, సెంట్లలో వాడే లాబ్డనం బంక వేరు, పేరొక్కటే దగ్గర. ఈ మందేమోనని నేను అనుకున్న మా అటక మీది సీసాకూ దీనికీ సంబంధం లేదు. అందులో ఉన్నది గడ్డకట్టిన ఆముదం.