రోమ్ వద్దనుకున్న అలెక్సిస్ సిమోన్ బెల్: ప్రతిభ వృథా చేసుకున్నాడా?

పాతబొమ్మలు
ఫ్రెంచి చిత్రకారుడు అలెక్సిస్ సిమోన్ బెల్ (1674–1734) మాట వచ్చినప్పుడల్లా "పదవి పోయిన రాజుకు ప్రచారం చేసిపెట్టాడు, అంతేగా" అని ఒక్కమాటలో తేల్చేస్తున్నారు. నాకది అన్యాయం అనిపిస్తోంది, అందుకే విడిగా చర్చ పెడుతున్నాను.

తెలియనివాళ్ళకు కాస్త నేపథ్యం. 1688లో ఇంగ్లండు కేథలిక్ రాజు రెండో జేమ్స్ గద్దె పోగొట్టుకుని ఫ్రాన్సుకు పారిపోయాడు. పద్నాలుగో లూయీ అతనికి పారిస్ దగ్గర సాంజెర్మాన్-ఆన్-లే కోట ఇచ్చి, ఏడాదికి 6 లక్షల లివ్ర్‌ల (అప్పటి ఫ్రెంచి నాణెం) భరణం ఏర్పాటు చేశాడు. రాజ్యం లేని ఆ కొలువుకు ముఖచిత్రాలు గీసినవాళ్ళలో ఫ్రాన్స్వా ద త్రువా ఒకడు, ఆయన శిష్యుడు బెల్ ఒకడు. 1700లో బెల్‌కు రాజ అకాడమీవారి రోమ్ బహుమతి వచ్చింది. అంటే ప్రభుత్వ ఖర్చుతో రోమ్‌లో ఉండి నేర్చుకునే అవకాశం. అతను వెళ్ళలేదు, సాంజెర్మాన్ పనిలోనే ఉండిపోయాడు. అది తప్పు నిర్ణయం కాదని నా వాదన.

నల్లరేగడి
ముమ్మాటికీ తప్పే. అతని చేతిలో పనితనం లేదని నేననను. కానీ ఏళ్ళ తరబడి రెండో జేమ్స్ కొడుకు ముఖమే, ఆ కవచమే, ఆ నీలి పట్టీయే! మద్దతుదారులకు పంచడానికి ప్రతులు. ఎన్నికలప్పుడు వీధికో ఫ్లెక్సీ కట్టడానికీ దీనికీ తేడా ఏముంది? ఆ రోజుల్లోనే పారిస్ ముఖచిత్రకారుడు రిగో పద్నాలుగో లూయీ నిలువెత్తు చిత్రం (1701) గీశాడు. ఆ స్థాయి బొమ్మ బెల్ దగ్గర ఒక్కటి చూపించండి.

పాతబొమ్మలు
రిగో పేరు మీరే తెచ్చారు కాబట్టి చెబుతున్నాను. ఆయనకూ 1682లో అదే బహుమతి వచ్చింది. ఆయనా రోమ్ వెళ్ళలేదు, ముఖచిత్రాల మీదే దృష్టి పెట్టమని రాజుగారి ప్రధాన చిత్రకారుడు ల బ్రన్ సలహా ఇస్తే పారిస్‌లోనే ఆగిపోయాడు. రిగో ఆగితే దూరదృష్టి, బెల్ ఆగితే వృథానా?

తుంగభద్రతీరం
అసలు ఆ కొలువుకు బొమ్మలు అంత అవసరం ఎందుకయిందో చెప్పకుండా వాదించుకుంటే ఎలాగండీ? 1688 జూన్‌లో రాజకుమారుడు జేమ్స్ ఫ్రాన్సిస్ పుట్టగానే ఇంగ్లండులో ఒక పుకారు లేచింది. వాడు రాణి కన్న బిడ్డ కాదట, పక్క వెచ్చచేసే మూత పెనంలో పెట్టి ఎవరి బిడ్డనో పురిటి గదిలోకి చేరవేశారట. రాజు ఆ అక్టోబరులో సభ పెట్టి, రాణి ప్రసవం గురించి నలభై మందికి పైగా సాక్ష్యం చెప్పించుకోవాల్సి వచ్చింది. అయినా జనం నమ్మలేదు. అలాంటి కుర్రాడి ముఖంలో తల్లిదండ్రుల పోలికలు చూపించడమంటే వారసత్వాన్ని రుజువు చేయడమే. నల్లరేగడిగారు అన్న "ఆ ముఖమే" ఆ కుటుంబానికి మిగిలిన ఆస్తి.

ఇంకోటి, ఆ నీలి పట్టీని తేలిగ్గా తీసేయకండి. ఇంగ్లండువారి గార్టర్ అనే వీరబిరుదు పట్టీ ఎడమ భుజం మీంచి కుడి నడుముకు వస్తుంది. ఫ్రెంచివారి అలాంటి బిరుదే అయిన సాంతెస్ప్రి పట్టీ కూడా నీలమే, కానీ కుడి భుజం మీంచి దిగుతుంది. ఫ్రాన్సు నేల మీద, ఫ్రాన్సు డబ్బుతో బతుకుతూ ఎడమ భుజం మీద పట్టీతో నిలబడటం అంటే "నేను ఇంగ్లండు రాజును" అని చెప్పడం. బెల్ చిత్రశాల నుంచి వచ్చిన సుమారు 1712 నాటి చిత్రంలో ముందు ఆ భుజం చూడండి. అది ఇప్పుడు లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది.

నల్లరేగడి
తుంగభద్రతీరంగారూ, మీరు చెప్పినదంతా నా మాటనే బలపరుస్తోంది. అది రుజువు పత్రం, కళ కాదు. పోనీ ఆ రుజువయినా నెగ్గిందా? 1708లో ఆ కుర్రాణ్ణి గద్దెనెక్కించడానికి ఫ్రెంచి నౌకలు స్కాట్లండ్ ఒడ్డుదాకా వెళ్ళి ఉత్త చేతులతో వెనక్కి వచ్చాయి. అతని మద్దతుదారుల 1715 తిరుగుబాటూ విఫలమైంది.

పాతబొమ్మలు
యుద్ధం ఓడిపోయినందుకు చిత్రకారుడికి మార్కులు తగ్గించడం సబబు కాదు.

మీరడిగిన బొమ్మ చూపిస్తాను. 1699 నాటిది, ఇప్పుడు బ్రిటిష్ రాజకుటుంబం సేకరణలో ఉంది. పదకొండేళ్ళ జేమ్స్ రెక్కలున్న కాపలా దేవదూతగా, ఏడేళ్ళ చెల్లెలు లూయిసా మరియాను నడిపించుకు వెళ్తున్నాడు. పైనుంచి బాలదేవదూతలు చూస్తున్నారు. కవచం లేదు, సైన్యం లేదు. ఆ చెల్లెలు ప్రవాసంలోనే, సాంజెర్మాన్‌లోనే పుట్టింది, 1712లో మశూచితో అక్కడే పోయింది. ఇంగ్లండు ప్రొటెస్టెంట్లను మెప్పించాలనుకున్నవాడు ఇంత పచ్చి కేథలిక్ బొమ్మ గీస్తాడా? వాళ్ళకు మంట పుట్టించే విషయం ఇదేగా! నా మటుకు నాకు అది తల్లి మేరీ ఆఫ్ మోడెనా కళ్ళ కోసం గీసిన బొమ్మలా కనిపిస్తుంది. ఫ్లెక్సీలో ఇంత ఆప్యాయత ఉండదు.

గవాక్షం
ఈ చర్చలో భార్య పేరు రాలేదేం? బెల్ 1701లో పెళ్ళాడిన ఆన్ షెరోన్ కూడా చిత్రకారిణే, సూక్ష్మచిత్రాలు వేసేది. ఆమెకూ ఆ కొలువు పని ఉండేది. అరచేతిలో పట్టే బొమ్మ సంగతి వదిలేసి గోడకు వేలాడేవే లెక్కపెడితే ఆ కొలువు సగమే తెలుస్తుంది.

నల్లరేగడి
1699 బొమ్మ మంచిదే, కాదనను. కానీ ఒక్కటి చాలదు. ఇంగ్లండు, ఫ్రాన్సు చేసుకున్న 1713 ఉట్రెక్ట్ సంధితో రాజకుమారుడు జేమ్స్ ఫ్రాన్సు విడవాల్సి వచ్చింది, తర్వాత కొలువు రోమ్ చేరింది. అంత విశ్వాసం ఉన్నవాడయితే బెల్ వెంట వెళ్ళాలి కదా?

పాతబొమ్మలు
విశ్వాసం సంగతి నేను ఎత్తలేదండీ, పని గురించే నా బాధ. వారసుడి ముఖాన్ని నమ్మించేలా గీయడం అతను సాంజెర్మాన్‌లో నేర్చుకున్నాడు. తర్వాత ఫ్రెంచి రాజకుటుంబం అదే పనికి అతన్ని పిలిచింది. రాణి మరీ లెజిన్‌స్కా, ఆమె కొడుకు దోఫాన్ (ఫ్రెంచి యువరాజు బిరుదు) కలిసి ఉన్న 1730 నాటి చిత్రం వెర్సాయ్‌లో ఉంది. ఆ ఇంట్లో ఎంతోకాలం ఎదురుచూసిన మగబిడ్డ అతను. ఆ తల్లీబిడ్డల బొమ్మనూ, దేవదూత బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూసి, అప్పుడు వృథా అనండి.

నల్లరేగడి
పక్కపక్కనే పెట్టి చూస్తాను. ప్రతుల విషయంలో మాత్రం నా మాట నాదే.