హైదరాబాద్ మారథాన్: మొదటి సగంలో టైమ్ దాచుకోవాలా, వద్దా?

పిక్కబలం
పోయిన ఆగస్టులో హైదరాబాద్‌లో నా మొదటి ఫుల్ మారథాన్ పరిగెత్తాను. నాలుగు గంటల్లోపు కొట్టాలని కోరిక. అంటే కిలోమీటరుకు 5:41 (5 నిమిషాల 41 సెకన్లు). నెక్లెస్ రోడ్డు మీద చీకటి, చల్లగాలి, కాళ్లు దూదిపింజల్లా ఉన్నాయి. ‘ఎండ రాకముందే కాస్త టైమ్ దాచుకుందాం’ అనుకుని 5:25 మీద లాగించాను. సగం దూరం 1:54కి దాటేశాను. లెక్కలో ఆరు నిమిషాలు మిగులు. మహా సంతోషం.

30 కిలోమీటర్లు దాటాక కుడి పిక్క పట్టేసింది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నడక, దిగేటప్పుడు కుంటుడు. గచ్చిబౌలి స్టేడియంలోకి వచ్చేసరికి 4:27. అంటే రెండో సగానికి 2:33 పట్టింది. దాచుకున్న ఆరు నిమిషాలూ పోగా ఇంకో 27 నిమిషాలు ఎదురు కట్టాను.

మా ఆఫీసులో ఏడెనిమిది మారథాన్లు చేసిన అన్న ఒకాయన ఉన్నాడు. ఆయన ఇప్పటికీ ‘హైదరాబాద్‌లో వెలుగొచ్చాక ఎవడూ పరిగెత్తలేడు, చీకట్లోనే దూరం లాగెయ్’ అంటాడు. మా వాట్సాప్ గ్రూపులోనేమో మొదటి సగం మెల్లగా, రెండో సగం వేగంగా పోవాలని ఒకటే పోరు. ఈసారి రేసుకి ఇంకా 14 వారాలుంది. ఎవరి మాట వినను?

బీచ్‌రోడ్ మాస్టారు
బాబూ, టైమ్ దాచుకోవడమనేది మారథాన్‌లో లేదు. నువ్వు చేసింది అప్పు చేసి పప్పు కూడు.

లెక్క చెప్తాను. పరుగులో కిలో బరువుకి కిలోమీటరుకి సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. నువ్వు 65 కిలోలనుకుంటే 42 కిలోమీటర్లకి దాదాపు 2,700. కండల్లోనూ కాలేయంలోనూ ఉండే గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకునే చక్కెర) అంతా కలిపినా సుమారు 2,000 కేలరీలే. మిగతాది కొవ్వు నుంచి రావాలి, లేదా దారిలో తినాలి. మెల్లగా పోతే ఒళ్లు కొవ్వుని కూడా బాగానే వాడుకుంటుంది. వేగం పెంచావా, చక్కెర మీదే పడుతుంది. కిలోమీటరుకి ఆ 16 సెకన్లు నీకు చీకట్లో తెలియలేదు. 30 దగ్గర డబ్బా అడుగు కనబడింది. ‘గోడ’ అంటారే, అదే.

పెద్దవాళ్లెలా పరిగెత్తుతారో చూడు. 2023 అక్టోబరులో చికాగోలో కెల్విన్ కిప్టుమ్ 2:00:35తో ప్రపంచ రికార్డు పెట్టినప్పుడు మొదటి సగం 60:48, రెండో సగం 59:47. ఆ ఏడాదే లండన్‌లో సిఫాన్ హసన్ తన మొదటి మారథాన్ మధ్యలో ఆగి, తుంటి సాగదీసుకుని, వెనకబడి, చివర్లో అందర్నీ దాటి గెలిచింది. ఓపిక పట్టినవాళ్లకే చివర్లో కాళ్లుంటాయి.

మొదటి ఐదు కిలోమీటర్లు నీ టార్గెట్ కంటే పది సెకన్లు మెల్లగా పో. ఎవడు దాటిపోయినా పోనీ. విశాఖలో నా దగ్గరికొచ్చే పిల్లలందరికీ చెప్పేది ఇదే.

తెల్లారుజాము
మాస్టారూ, గ్లైకోజెన్ లెక్కతో నాకు పేచీ లేదు. కానీ చికాగో, లండన్ ఉదాహరణలు తెచ్చి హైదరాబాద్ మీద పెట్టడం ఒప్పుకోను. చికాగో బల్లపరుపు ఊరు, పైగా అక్టోబరు చలి. ఇక్కడ ఆగస్టు. వాన పడితే తడి, పడకపోతే ఉక్క.

వానాకాలం వచ్చిందంటే ప్రతి న్యూస్ చానల్లోనూ వింటాం కదా, హుస్సేన్‌సాగర్ ఫుల్ ట్యాంక్ లెవెల్ 513 మీటర్లని. మనం మొదలుపెట్టేది ఆ గట్టునే, ముగించేది అంతకంటే ఎత్తున్న గచ్చిబౌలిలో. మధ్యలో కేబీఆర్ పార్కు వైపు ఎక్కుడు, తర్వాత కేబుల్ బ్రిడ్జి, ఆ తర్వాత ఫ్లైఓవర్లు. పోనుపోను వెలుగు, వేడి. ఇలాంటి రూట్లో రెండో సగం వేగంగా పరిగెత్తాలంటే మొదటి సగంలో పిక్నిక్‌కి వెళ్లినట్టు నడవాలి. చల్లటి గంటన్నర వేస్ట్.

ఇక్కడ సమానంగా ఉంచాల్సింది వేగాన్ని కాదు, కష్టాన్ని. గడియారంలో పేస్ (కిలోమీటరుకి పట్టే టైమ్) కాకుండా గుండె వేగం, ఊపిరి చూసుకోవాలి. ఎక్కేటప్పుడు 20, 30 సెకన్లు పోతే పోనివ్వాలి. అలా చేస్తే సహజంగానే రెండో సగం నాలుగైదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. నా బెస్ట్ 4:22. మొదటి సగం 2:08, రెండోది 2:14. ఒక్క అడుగు కూడా నడవలేదు. దాన్ని కూలిపోవడం అంటారా?

ఇంకోటి. 2022లో బెర్లిన్‌లో కిప్‌చోగే 2:01:09 కొట్టినప్పుడు మొదటి సగం 59:51, రెండోది 61:18. రెండో సగం మెల్లగా పోయి కూడా ప్రపంచ రికార్డే పెట్టాడు.

ఒక్క చుట్టు
కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసినప్పుడు మా సార్ మొదటి రౌండే లాగేయమనేవాడు. మూడో రౌండ్‌లో గ్రౌండ్ పక్కన గడ్డిలో కక్కుకునేవాణ్ణి. క్వాలిఫై అయితే అయ్యాను. మరి మారథాన్‌కి ఆ పద్ధతి పనికిరాదా?

బీచ్‌రోడ్ మాస్టారు
కక్కుకున్నాక ఇంకా 40 కిలోమీటర్లు ఉంటుంది నాయనా.

తెల్లారుజాము గారూ, మీరు చెప్పే పద్ధతి అనుభవం ఉన్నవాళ్లకి. కష్టం సమానంగా ఉంచడమంటే కొత్తవాడికేం తెలుస్తుంది? చీకట్లో, మైకులో పాటలు, పక్కన జనం, ఎవరికైనా 5:25 కూడా హాయిగానే ఉంటుంది. గుండె వేగం చూడమంటారా? స్టార్ట్ లైన్ దగ్గర టెన్షన్‌కే పది పెరుగుతుంది. కొత్తవాడికి ‘కాస్త వేగంగా పోవచ్చు’ అని తలుపు ఓరగా తెరిస్తే, వాడు తలుపు ఊడదీసుకుని పోతాడు. పిక్కబలం చేసింది అదే కదా.

చికాగో చలి
పేరు చూస్తే తెలుస్తుంది కదా, ఇక్కడుంటాను. చికాగోలో 3:48 చేశాను. రెండేళ్ల క్రితం సెలవులకి వచ్చినప్పుడు ఆ ధైర్యంతోనే హైదరాబాద్‌లో పరిగెత్తా. 4:31. సిగ్గుపడ్డాను కానీ, తర్వాత లెక్క చూసుకుంటే సిగ్గుపడాల్సింది ఏమీ లేదనిపించింది.

మీరిద్దరూ ఎత్తుపల్లాల గురించి కొట్టుకుంటున్నారు. అసలు విలన్ గాలిలో తేమ. తెల్లవారుజామున చల్లగా ఉందని అనుకుంటాం. చల్లగానే ఉంటుంది, కానీ చెమట ఆరదు. ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది. ఆ రోజు పదో కిలోమీటరుకే నా బూట్లు పిచికిపిచికిమంటున్నాయి. వానేం లేదు, అది నా చెమటే.

2019 దోహా ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడవాళ్ల మారథాన్ గుర్తుందా? వేడికి భయపడి అర్ధరాత్రి పెట్టారు. అయినా ఉష్ణోగ్రత 30 పైనే, తేమ 70 శాతం పైన. 68 మంది బయల్దేరితే 40 మందే చేరారు. గెలిచిన రూత్ చెప్‌న్‌గెటిచ్ టైమ్ 2:32:43. అదే ఏడాది జనవరిలో దుబాయ్‌లో ఆమె 2:17:08 చేసింది. అంతటి మనిషికే 15 నిమిషాలు పోయాయి. మనం మాత్రం ఫిబ్రవరి చలిలో ట్రెడ్‌మిల్ మీద చూసుకున్న పేస్‌తో ఆగస్టుకి టార్గెట్ పెట్టుకుంటాం.

అందుకే తమ్ముడూ, ముందు ఆ నాలుగు గంటల మీద పట్టు వదిలెయ్. ముందు మార్చాల్సింది టార్గెట్‌ని, స్ట్రాటజీ తర్వాత.

ఒక్క చుట్టు
చెప్‌న్‌గెటిచ్‌కి తర్వాత డోపింగ్ కేసులో మూడేళ్ల నిషేధం పడింది కదన్నా. ఆమెను ఉదాహరణగా చెప్పడం...

చికాగో చలి
పడింది, 2025లో. సరే, ఆమెను పక్కనపెట్టు. మిగతా 28 మంది ఎందుకు మానేశారో చెప్పు.

తెల్లారుజాము
టార్గెట్ మాట నిజమే, ఒప్పుకుంటాను. అయితే మాస్టారు, నేను ఇద్దరం అడగాల్సిన ప్రశ్న ఒకటి అడగకుండానే వాదించుకుంటున్నాం. పిక్కబలం తమ్ముడూ, పోయినసారి వారానికి ఎంత పరిగెత్తావు? అన్నిటికంటే పొడుగు పరుగు ఎంత? రేసులో ఏం తిన్నావు?

పిక్కబలం
అడుగుతారనే భయపడ్డాను అక్కా. వారానికి 35 కిలోమీటర్లు. పొడుగు పరుగు 24, అదీ ఒక్కసారి. సగటు పేస్ బాగా రావాలని అన్ని రోజులూ గట్టిగానే పరిగెత్తేవాణ్ణి, యాప్‌లో అందరూ చూస్తారు కదా. రేసులో ఒక జెల్ (పరుగులో బలానికి తినే తీపి పేస్టు) తిన్నాను. రెండోది 25 దగ్గర నోట్లో పెట్టుకుంటే కడుపులో తిప్పింది, ఉమ్మేశాను. తాగింది మాత్రం ఎక్కువే, ప్రతి టేబుల్ దగ్గరా రెండు గ్లాసుల నీళ్లు.

బీచ్‌రోడ్ మాస్టారు
ఇదిగో! 24 దాకా అలవాటైన కాళ్లు 30 దగ్గర పట్టేశాయి. ఇందులో వింతేముంది? ఇది ముందే చెప్పి ఉంటే నాకు ఇంత టైపింగ్ తప్పేది.

రోజూ గట్టిగా పరిగెత్తడం ఆపు. వారంలో ఒక్కరోజు వేగం, ఒక్కరోజు పొడుగు పరుగు, మిగతావన్నీ పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత మెల్లగా. యాప్‌లో చూసేవాళ్లు నవ్వితే నవ్వనీ. వారానికి 50, 55కి మెల్లగా తీసుకురా. 28 నుంచి 32 మధ్య పొడుగు పరుగులు కనీసం మూడు. చివరిది రేసుకి మూడు వారాల ముందు. ఆ తర్వాత కొత్త బలమేమీ రాదు, తగ్గించుకుంటూ రావడమే.

చికాగో చలి
నీళ్ల సంగతి కూడా చూసుకో. 2002లో బోస్టన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం (ఉప్పు) తక్కువగా తేలింది. బరువు పెరిగేంతగా తాగినవాళ్లకే ముప్పు ఎక్కువ. కాబట్టి కనబడిన గ్లాసల్లా తాగకు. పరుగుకి ముందూ తర్వాతా ఒంటిమీద తడి లేకుండా బరువు చూసుకో. తగ్గిన బరువుకి మధ్యలో తాగింది కలిపితే నీ చెమట ఎంతో తెలుస్తుంది. తాగేది అంతకంటే తక్కువే ఉండాలి. అందులో కొంత ఉప్పు ఉన్న నీళ్లు.

తెల్లారుజాము
జెల్ కడుపుకి పడకపోతే అది కూడా ప్రాక్టీసే. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒక జెల్‌లో 25 దాకా ఉంటుంది. అలసిపోయాక కాదు, మొదటి 40 నిమిషాల్లోనే మొదలుపెట్టాలి. నాకూ మొదట్లో పడేది కాదు. ఖర్జూరాలు గింజ తీసి, చిన్న కవర్లో పెట్టుకుని మొదలుపెట్టా. ఐదో ఆదివారానికి కడుపు దారికొచ్చింది. పొద్దున రెండు ఇడ్లీలు, అరటిపండు. చట్నీ వద్దు. ఎందుకో అనుభవం మీద చెప్తున్నా, వివరాలు అడక్కండి.

ఒక పొడుగు పరుగు మాత్రం నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలికి, రేసు మొదలయ్యే టైముకే చెయ్యి. ఒంటరిగా వద్దు. కార్ల సంగతి ఎలా ఉన్నా, ఆ టైములో కుక్కలదే రాజ్యం. మేము నలుగురం ఆడవాళ్లం కలిస్తే గానీ కేబీఆర్ దగ్గర మొదలుపెట్టం.

పిక్కబలం (ఎనిమిది వారాల తర్వాత)
అందరికీ అప్‌డేట్. నిన్న 30 కిలోమీటర్లు, అక్క చెప్పిన దారిలోనే. గుండె వేగం 150 దాటకూడదని పెట్టుకున్నా. కేబుల్ బ్రిడ్జి మీద ఒక పెద్దాయన జాగింగ్ చేస్తూ, దాదాపు నా వేగంతోనే పక్కనే వచ్చాడు. ‘ఏం బాబూ, దెబ్బ తగిలిందా?’ అని అడిగాడు. ఓర్చుకున్నా.

మొదటి 15 సగటు 6:05. తర్వాతి 15 సగటు 6:20. గుండె వేగం మాత్రం రెండింటిలోనూ ఒకటే. అంటే ఒకే కష్టానికి ఈ దారిలో 15 సెకన్లు వాటంతట అవే పోతున్నాయి. అక్క పాయింట్ కళ్లారా చూశాను. పోయిన వారం చేసిన చెమట పరీక్షలో గంటన్నరకి 1.6 కిలోలు తగ్గాను, తాగింది అర లీటరు. అంటే గంటకి 1.4 లీటర్లు. అన్నిటికంటే ముఖ్యం, పిక్క పట్టలేదు.

టార్గెట్ 4:15కి దించాను. మొదటి సగం 2:05, రెండోది 2:10. మూడు జెల్స్, ఆరు ఖర్జూరాలు. ఆఫీసు అన్నకి చెప్తే ‘ఇంత భయపడితే మారథాన్ ఎందుకు?’ అన్నాడు.

బీచ్‌రోడ్ మాస్టారు
150 మీద 6:05 వచ్చినవాడు 2:05కి సగం దాటాలంటే కిలోమీటరుకి 5:55 పోవాలి. మళ్లీ అప్పే. 2:07 పెట్టుకో.

తెల్లారుజాము
ప్రాక్టీసులో వారం అలసట కాళ్లలో ఉంటుంది మాస్టారూ. రేసు రోజు రెస్ట్ తీసుకున్న కాళ్లతో 150 కాదు, 155 పట్టినా పోతుంది. 2:05 సరిపోతుంది.

బీచ్‌రోడ్ మాస్టారు
2:07.

పిక్కబలం
2:06 అనుకుంటే ఇద్దరూ తిడతారా?

ఒక్క చుట్టు
అన్నా, నేనూ హాఫ్ మారథాన్‌కి రిజిస్టర్ చేశా. మొదటి రౌండ్ లాగను, ఒట్టు.