రష్యా మ్యూజియంల లెక్క మన పిల్లలతోని తాటాకు మీద రాయిస్తె ఎట్లుంటది? (నల్గొండ)

పానగల్లు_పంతులమ్మ:
అందరికి నమస్తే. నల్గొండ దగ్గర సర్కారు బడిల ఏడు, ఎనిమిది తరగతులకు సోషల్ చెప్త. రష్యా, బల్గేరియా దిక్కు మ్యూజియంలు పిల్లలకు పాత రాతల గురించి ఎట్ల చెప్తయో ఈ మధ్య చదువుతున్న. మే 24 అక్కడ లిపి పండుగ, సిరిల్, మెథోడియస్ అనే అన్నదమ్ముల పేరు మీద చేస్తరు. పిల్లలను అద్దాల పెట్టె ముందట నిలబెట్టి చెప్పుడే గాదు, భూర్జ చెట్టు బెరడు చేతికిచ్చి మొనదేలిన పుల్లతోని అక్షరాలు గీకిపిస్తరట, సిరా అవసరమే లేదు. అది చదివినప్పటిసంది మన తాటాకు, దాని మీద గీకి రాసే గంటమే మతికొస్తున్నయి. మా ఊరి చుట్టూ తాటిచెట్లే, పానగల్లు మ్యూజియం దగ్గర్నే ఉంది, కానీ మా పిల్లలల్ల ఒక్కరు గూడ తాటాకు గ్రంథం చూడలే. సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవానికి రాయిద్దామని ఉంది. ఆకు ఎట్ల తయారు చెయ్యాలె, కథ ఎక్కడ షురూ చెయ్యాలె, జర చెప్పుర్రి.

పాలమూరు_పిలగాడు:
మేడం, ఓన్ఫిమ్ అనే పాతకాలపు రష్యా పిలగానితోని షురూ చెయ్యుర్రి. రష్యాల నొవ్‌గొరొద్ అనే ఊర్ల నేల తడితడిగ ఉంటది, లోపలికి గాలి పోదు, అందుకే బెరడు కుళ్లకుండ వందల ఏండ్లు ఆగింది. 1951ల రాతలున్న మొదటి బెరడు ముక్క దొరికింది, ఇప్పటికి వెయ్యికి పైనే దొరికినయి, అప్పులు, పెండ్లి ముచ్చట్లు, ఇంటిపనులు, ఎక్కువ మామూలు జనం రాసుకున్నవే. 1956ల ఈ పిలగాని బెరడు ముక్కలు బయటపడ్డయి, ఆరేడేండ్లు ఉంటయి కావచ్చు వానికి. అక్షరాలు దిద్దుకుంట దిద్దుకుంట మధ్యల గుర్రమెక్కి శత్రువును పొడిచే వీరుని బొమ్మ గీసి పక్కన తన పేరే రాసుకున్నడు, ఇంకోదాని మీద ఒక జంతువును గీసి ‘నేను అడవి మృగాన్ని’ అని రాసిండు. 13వ శతాబ్దం నడిమి సంగతి ఇది, ఇక్కడ కాకతీయ గణపతిదేవుడు ఏలుతున్న కాలం. రాజుల కంటె వీడే మీ పిల్లలకు తొందరగ దోస్తయితడు, ఆ బొమ్మలు చూసినప్పుడల్ల నాకు మస్తు సంబురమైతది.

పాత_పుస్తకాలు:
ఒక్కటి కలుపుత. సిరిల్ పేరు మీద సిరిలిక్ అంటరు గానీ, 863ల మొరావియా అనే రాజ్యానికి పోయిన ఆ అన్నదమ్ములు తయారుచేసింది గ్లాగొలిటిక్ అనే వేరే లిపి. ఇప్పుడు రష్యన్లు రాసే సిరిలిక్ తర్వాత బల్గేరియాల వాళ్ల శిష్యుల కాలంల వచ్చింది. పిల్లలకు రెండూ పక్కపక్కన చూపియ్యుర్రి. ఎవరింట్లనన్న విశాలాంధ్ర పుస్తకాల దుకాణంల కొన్న పాత సోవియట్ పిల్లల పుస్తకాలుంటె అవి గూడ తెప్పియ్యుర్రి, కొన్నిట్ల రష్యన్ అక్షరాలు కనపడ్తయి.

తాటివనం:
మాది గీత పనోళ్ల ఇల్లు, ఆకు సంగతి నేను చెప్త. మరీ లేతదొద్దు, ముదురుదొద్దు. ఈనె తీసి, పసుపేసిన నీళ్లల్ల ఉడకబెట్టి, నీడకు ఆరబెట్టి, బరువు కింద పెడితె సాపుగ అయితది. ఒక్క వారం ముందుగాలనే చేసి పెట్టుకోర్రి. గంటం దొరకకుంటె జామెట్రీ బాక్సుల కంపాసు ముల్లు చాలు, మెల్లగ గీకాలె, ఆకు పోగుల వెంట గట్టిగ గీస్తె చీలుతది. తర్వాత దీపం మసిల చుక్క నూనె కలిపి రుద్ది, గుడ్డతోని తుడిస్తె గీతలల్ల నలుపు నిలుస్తది, పిల్లలు ఎగిరి గంతేసేది అప్పుడే. చిన్నోళ్ల పక్కన పెద్దోళ్లు ఉండాలె, ముల్లు కదా.

పానగల్లు_పంతులమ్మ:
అన్నా, ఆకులు మీ దిక్కుకెల్లి దొరుకుతయా? నలభై మంది పిల్లలు.

తాటివనం:
ఎందుకు దొరకయి అక్కా, ఆగస్టు చివర్ల మెసేజ్ పెట్టు, కోసి ఉడకబెట్టి ఇస్త. పిల్లలను ఉస్మానియా యూనివర్సిటీల ఉన్న ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీకి గూడ తీస్కపో, ముందుగాల లెటర్ రాసి అడుగు.