మౌతార్గాన్ ఇంట్లో విప్పొచ్చా, కొత్తది కొనుక్కోవాలా?

వేళచ్చేరి_కుర్రోడు: నాది 10 కన్నాల మౌతార్గాన్, సి స్కేలు, చెక్క బాడీ. వారం నుంచి నాలుగో కన్నం ఊదితే స బాగానే పలుకుతోంది, పీలిస్తే మాత్రం రి రావట్లేదు, ఉత్త గాలి. రూమ్మేటేమో రాత్రంతా నీళ్లలో నానబెట్టమంటాడు. షాపులో అడిగితే "రిపేరు ఉండదు, కొత్తది తీసుకోండి" అన్నారు. విప్పమంటారా?

నాటు_మెకానిక్: నీళ్లు మాత్రం వద్దు తమ్ముడూ. చెక్క ఉబ్బి కన్నాల మధ్య ఉండే చెక్క పళ్లు బయటికి పొడుచుకొస్తాయి, పెదాలు గీరుకుంటాయి. ఆరాక ముడుచుకుని గాలి కారుతుంది. విప్పు, భయం లేదు. అంకెలు పైకుండేలా పట్టుకుంటే పీల్చే రీడ్లు (గాలికి కదిలి పలికే సన్నటి లోహపు నాలికలు) కింది ప్లేటుకి బయటివైపే ఉంటాయి. కింది రేకు స్క్రూలు రెండు తీస్తే ఎదురుగా కనపడతాయి. తిరగేశాక ఒకటో కన్నం ఎటుందో చూసుకుని నాలుగోది లెక్కపెట్టు. టూత్‌పిక్‌తో రీడు కొస మెల్లగా ఎత్తి వదులు. "టింగ్" అంటే బతికున్నట్టే. "టక్" అని చచ్చిపోతే గాడిలో ఏదో అడ్డం పడింది. నా దాంట్లో ఓసారి వేరుశనగ పొట్టు దొరికింది! రీడు గాడి పక్కలకి రాసుకుంటుంటే 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పల్చటి రేకు) ఆ సందులో ఆడించాలి. మన చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డులో బండి సామాన్ల కొట్లో అడుగు.

మైలాపూర్_మామ: విప్పడం ఎవడైనా విప్పుతాడు. 1896 నుంచి వస్తున్న హోనర్ కంపెనీ మెరైన్ బ్యాండ్ మౌతార్గాన్‌కి స్క్రూలు కాదు, మేకులు. ఒకసారి పీకాక మళ్లీ ఆ పట్టు రాదు. ఇక శ్రుతి సంగతి. రీడు కొస దగ్గర ఆకురాయితో గీస్తే పెరుగుతుంది, రివెట్ (రీడుని ప్లేటుకి బిగించే చిన్న మేకు) దగ్గర గీస్తే తగ్గుతుంది. నేనూ అది చదివే మొదలెట్టా. కాస్త ఎక్కువైందని అటు, తగ్గిందని ఇటు... ఆఖరికి రీడు ఊడి చేతికొచ్చింది. ఈ "ఇంటి వైద్యం" సలహాలు చెప్పేవాళ్లెవరూ ఆ ముక్క చెప్పరు.

నాటు_మెకానిక్: మామా, దుమ్ము దులపడానికీ ఆకురాయి పట్టడానికీ ముడిపెడతారేంటి? మీరు చేసింది ఆపరేషన్, నేను చెప్పింది ముక్కు చీదడం.

పల్లవి_పిన్ని: మెకానిక్ పక్షమే నేను. కానీ కుర్రోడా, మొన్నటిదాకా నాలుగోది బాగా పలికిందా? అసలెప్పుడూ పలకకపోతే తప్పు నీ ఊపిరిదేమో. కొత్తవాళ్లకి రెండో కన్నం పీల్చడం రాదు, పాపం పెట్టెని తిడతారు.

వేళచ్చేరి_కుర్రోడు: పలికేది పిన్నీ. ఇప్పుడే విప్పా. చొక్కా జేబులోంచి ఎర్ర దారప్పోగు! తీశా, రి వచ్చింది. కానీ ఒకటీ నాలుగూ కలిపి పీలిస్తే వణుకుతోంది. రెండూ రినే కదా?

మైలాపూర్_మామ: రినే. ఒకదాని శ్రుతి తప్పితే అలా వణుకుతుంది, నాలుగోదే శ్రుతి దిగుంటుంది. రీడు అలిసిపోయి రివెట్ దగ్గర పగులు పట్టినా అలాగే దిగుతుంది. అప్పుడు గీస్తే ఇంకా తొందరగా పోతుంది. ఆకురాయి ముట్టుకోకు.

నాటు_మెకానిక్: ఈ ఒక్కదానికీ మామతోనే ఉన్నా. ఫోన్ టార్చి వేసి రివెట్ దగ్గర చూడు ముందు.

వేళచ్చేరి_కుర్రోడు: చూస్తున్నా. సన్నగా గీతలాంటిది ఉంది. వెంట్రుకో, పగులో... తుడిచినా పోవట్లేదు.