మైత్రి-2కి రెండు వేల కోట్లు: ముందు స్టేషన్ కట్టాలా, ముందు ఓడ కొనాలా?

దక్షిణదిక్కు (చర్చ మొదలుపెట్టినవారు)

అంటార్కిటికాలో మన మైత్రి స్టేషన్ 1989 నుంచి నడుస్తోంది. దాని దగ్గర్లోనే మైత్రి-2 కడతామని 2024 మేలో కొచ్చిలో జరిగిన అంటార్కిటిక్ ఒప్పంద దేశాల సమావేశంలో ప్రభుత్వం చెప్పింది. 2025లో ఆర్థిక శాఖ ఒప్పుకుందనీ, ఖర్చు సుమారు 2,000 కోట్లనీ, 2029 జనవరి లక్ష్యమనీ పత్రికల్లో వచ్చింది.

నా అభ్యంతరం స్టేషన్ మీద కాదు, వరస మీద. మంచులో తిరిగే సొంత ఓడ మనకు ఇప్పటికీ లేదు. 2014 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం 1,051 కోట్లతో 34 నెలల్లో ధ్రువ పరిశోధన ఓడ తెస్తామని ఆమోదించింది. ఆ ఓడ రాలేదు. 2025 జూన్‌లో కోల్‌కతా గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్ నార్వే కాంగ్స్‌బర్గ్ సంస్థతో అవగాహన ఒప్పందం చేసుకుంది, అంతవరకే. ప్రతి ఏడూ వాసిలీ గోలోవ్నిన్ లాంటి రష్యన్ ఓడను అద్దెకు తీసుకుని సరుకు పంపుతున్నాం. అద్దె ఓడను నమ్ముకుని ఇంత పెద్ద కట్టడం మొదలుపెట్టడం తెలివైన పనేనా? మైత్రికి ఇంకో పదేళ్లు మరమ్మతులు చేసుకుంటూ, ముందు ఓడ సంగతి చూసుకోకూడదా?

పునాదిరాయి

మరమ్మతు అనగానే గోడకు సున్నం కొట్టడం గుర్తొస్తుంది గానీ, మైత్రి విషయం అలా లేదండి. పదేళ్లకని వేసిన కట్టడం అది. ముప్పై అయిదేళ్లు దాటింది. ఉక్కు కాళ్ల మీద నిలబెట్టిన ఇన్సులేటెడ్ ప్యానెళ్ల ఇల్లు. ఇలాంటి ఇంట్లో ముందు పోయేది ఉక్కు కాదు, ప్యానెల్ లోపలి నురుగు. లోపలి తేమ గాలి అతుకుల సందుల్లోంచి ప్యానెల్‌లోకి దూరి అక్కడే గడ్డకడుతుంది. నురుగులో మంచు చేరితే ఇన్సులేషన్ పోతుంది, వేడి కోసం ఇంకా ఇంధనం కాల్చాలి, గోడ లోపలివైపు మంచు పూత పడుతుంది. దీన్ని బయటి నుంచి బాగుచేయలేం, ప్యానెల్ మార్చాల్సిందే. ప్యానెళ్లన్నీ మార్చడమంటే ఆ ఏడాది శీతాకాలం అక్కడ ఎవరినీ ఉంచలేం.

ఇంకోటి మురుగు. మైత్రి ఉన్న షిర్మాకర్ ఒయాసిస్ రాతి నేల, మధ్యలో మంచినీటి సరస్సులు. స్టేషన్ తాగేది ప్రియదర్శిని సరస్సు నీళ్లే. అంటార్కిటికా పర్యావరణ రక్షణ కోసం చేసుకున్న 1991 మాడ్రిడ్ ఒప్పందం మూడో అనుబంధం ప్రకారం మంచు లేని నేల మీదా, మంచినీటి చెరువుల్లోనూ వ్యర్థాలు వదలకూడదు. సముద్రతీర స్టేషన్లకు శుద్ధి చేసి సముద్రంలోకి వదిలే వెసులుబాటు ఉంది, మైత్రికి ఆ దారి లేదు. మైత్రి కట్టింది ఆ ఒప్పందానికి ముందు. పాత గొట్టాల వ్యవస్థకు కొత్త శుద్ధి ప్లాంటు అతికించడం కన్నా, ప్లాంటును మధ్యలో పెట్టి చుట్టూ స్టేషన్ గీసుకోవడమే తేలిక.

సరుకుచిట్టా

ఇద్దరూ స్టేషన్ గురించి మాట్లాడుతున్నారు, డబ్బు పోయేది దారిలో. లెక్క వేద్దాం.

కొలతకు భారతి స్టేషన్ తీసుకుందాం. అంటార్కిటికాలో మన రెండో స్టేషన్ అది, 2012 మార్చిలో ప్రారంభమైంది, లార్స్‌మన్ హిల్స్ అనే చోట. 134 సరుకు కంటైనర్లను పేర్చి, బయట ఒకే తొడుగు వేసి కట్టారు. డిజైన్ జర్మనీ సంస్థలది. మైత్రి-2 కూడా దాదాపు అంతే అనుకోండి. కానీ భారతి సముద్రం ఒడ్డున ఉంది. మైత్రి, ఓడ ఆగే ఇండియా బే తీరం నుంచి దాదాపు 100 కి.మీ. లోపల ఉంది. భారతి ఖర్చును చూపి మైత్రి-2కి అంచనా వేసేవాళ్లు మరిచిపోయేది ఈ 100 కిలోమీటర్లే.

ఓడ కేప్‌టౌన్‌లో బయలుదేరి ఇండియా బే దగ్గర ఐస్ షెల్ఫ్ (నేల మీది నుంచి సముద్రంలోకి సాగి తేలే మందపాటి మంచు పలక) అంచుకు ఆనుకుంటుంది. షెల్ఫ్ అంచు గోడలా ఉంటుంది. ఓడ క్రేన్ చేతికి అందే ఎత్తున్న చోటు వెతుక్కోవాలి. ముందు సముద్రపు మంచు విడిపోకపోతే రోజుల తరబడి కాచుకోవాలి. అక్కడి నుంచి పిస్టెన్‌బుల్లీలనే మంచు ట్రాక్టర్ బండ్లు స్లెడ్జిల మీద లాగాలి. ఒక్కో స్లెడ్జికి ఒక 20 అడుగుల కంటైనర్. గంటకు 10 కి.మీ. దాటితే గొప్పే. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు మంచు మెత్తబడి స్లెడ్జి దిగబడుతుంది కాబట్టి సూర్యుడు కిందికి దిగిన వేళల్లోనే నడపాలి. ఎక్కించడం, దించడం, విశ్రాంతి, వాతావరణం కలుపుకుంటే పోను రాను మూడు రోజులు.

ఎనిమిది బండ్లున్నాయనుకుంటే, 134 కంటైనర్లకు 17 ట్రిప్పులు, 51 రోజులు. ఓడకు దొరికే కాలం డిసెంబరు నుంచి మార్చి మొదటి వారాల దాకానే. అంటే ఒక సీజన్‌లో సగానికి పైగా లాగడానికే పోతుంది. ఏటా వెళ్లే తిండి, ఇంధనం ఇందులో లేవు. క్రేన్, డ్రిల్లింగ్ యంత్రం, స్లెడ్జిల స్పేర్లు కూడా లేవు.

సరే, సగం షెల్ఫ్ మీదే వదిలి వచ్చే ఏడు లాగుదామంటారా? శీతాకాలంలో కొట్టుకొచ్చే మంచు వాటిని పాతేస్తుంది. జెండా కర్రలు పాతి, జీపీఎస్‌లో గుర్తుపెట్టుకుని వచ్చే ఏడు తవ్వి తీయాలి. పైగా షెల్ఫ్ అంచు విరిగి సముద్రంలోకి పోయే చోటు అది. కనీసం కొన్ని కిలోమీటర్లు లోపలికి లాగి పెట్టకపోతే కంటైనర్లు మంచుకొండ ఎక్కి షికారు పోతాయి.

దక్షిణదిక్కు

మీ లెక్క నా మాటనే బలపరుస్తోంది. సొంత ఓడ ఉంటే మంచు విడిపోయేదాకా ఆగొచ్చు. అద్దె ఓడలో ఆగిన ప్రతి రోజుకీ అద్దె నడుస్తూనే ఉంటుంది.

సరుకుచిట్టా

సొంత ఓడ ఆగినా సిబ్బంది జీతాలు, ఇంధనం ఆగవండి. అసలు తేడా వేరే చోట ఉంది. పరిశోధన ఓడ వేరు, సరుకు ఓడ వేరు. పరిశోధన ఓడలో చోటంతా లాబులకూ, వించ్‌లకూ, శాస్త్రవేత్తల గదులకూ పోతుంది. 134 కంటైనర్లు, పది ఇంధన ట్యాంకులు, రెండు హెలికాప్టర్లు ఒకేసారి ఎక్కాలంటే మంచులో నడిచే సరుకు ఓడే కావాలి. రేపు సొంత పరిశోధన ఓడ వచ్చినా స్టేషన్ కట్టే రెండు మూడు సీజన్లూ సరుకు ఓడను అద్దెకు తీసుకోవాల్సిందే.

విమానం గురించి ఎవరైనా అడగక ముందే: కేప్‌టౌన్ నుంచి రష్యన్ స్టేషన్ దగ్గరున్న నోవో అనే గట్టి నీలి మంచు రన్‌వేకు ఇల్యూషిన్-76 సరుకు విమానం వస్తుంది, మైత్రికి దగ్గరే. ఒక ట్రిప్పుకు పదిహేను పద్దెనిమిది టన్నులు. కంటైనర్ సగటున 10 టన్నులనుకున్నా మొత్తం 1,340 టన్నులు, 75 నుంచి 90 ట్రిప్పులు. నడివేసవిలో రన్‌వే పైపొర కరిగి కొన్ని వారాలు మూసేస్తారు కూడా. మనుషులకూ, మరిచిపోయిన విడిభాగాలకూ విమానం. స్టేషన్ కట్టే సరుకుకు కాదు.

హెలికాప్టర్ కూడా అంతే. కామోవ్-32 తాడుకు 5 టన్నులు మోస్తుంది. ఖాళీ 20 అడుగుల పెట్టె బరువే 2.2 టన్నులు. మిగిలేది 2.8.

డీజిల్‌డబ్బా

ఇంధనం లెక్క లేకుండా ఈ చర్చ సగమే. స్టేషన్‌కు సగటున 80 కిలోవాట్ల కరెంటు కావాలనుకుందాం. ఏడాదికి సుమారు 7 లక్షల యూనిట్లు. లీటరుకు మూడున్నర యూనిట్ల చొప్పున 2 లక్షల లీటర్లు. 20 అడుగుల ట్యాంక్ కంటైనర్‌లో 24,000 లీటర్ల లోపే పడతాయి కాబట్టి తొమ్మిది ట్యాంకులు, ఏటా. ఇది 100 కి.మీ. లాగే బండ్లు తాగేది కలపకుండా.

మామూలు డీజిల్ అక్కడ పనికిరాదు, మైనం కట్టి ఫిల్టర్ మూసుకుపోతుంది. విమానాల కిరోసిన్ జెట్ ఏ-1 వాడతారు, అది మైనస్ 47 డిగ్రీల దాకా గడ్డకట్టదు. కానీ దానికి డీజిల్‌కున్న జిడ్డు ఉండదు, ఆ గుణం పెంచే మందు కలపకపోతే ఇంజక్షన్ పంపులు అరిగిపోతాయి. ఇంజన్ వేడిని వదిలేయకుండా గదులకు మళ్లించే పద్ధతి మొదటి నుంచీ డిజైన్‌లో ఉండాలి. ఇంధనంలోని శక్తిలో మూడో వంతుకు కాస్త ఎక్కువే కరెంటవుతుంది, మిగిలినదాంట్లో చాలా భాగం వేడిగా రాబట్టుకోవచ్చు. పాత స్టేషన్‌కు దీన్ని తగిలించడం కష్టం. ఈ ఒక్క విషయంలో నేను కొత్త స్టేషన్ వైపు.

సోలార్, గాలిమరలు పెడతామంటున్నారు, మంచిదే. కానీ జనరేటర్లు తగ్గించే ఆలోచన వద్దు. షిర్మాకర్‌లో రెండు నెలలు సూర్యుడే రాడు. గాలి ఉంది కదా అంటే, తుపాను గాలి ఎక్కువైనప్పుడు మర తనంతట తానే ఆగిపోతుంది. ఆస్ట్రేలియా వాళ్ల మాసన్ స్టేషన్‌లో 2017 నవంబరులో ఒక గాలిమర తల మొత్తం ఊడి కింద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, రెండో మరను కూడా ఆపి పరీక్షించాల్సి వచ్చింది. బెల్జియం వాళ్ల ప్రిన్సెస్ ఎలిజబెత్ స్టేషన్‌ను ఉదాహరణగా చూపేవాళ్లు అందులో శీతాకాలం ఎవరూ ఉండరని చెప్పరు.

కక్ష్యచూపు

నాదో మౌలికమైన ప్రశ్న. భారతి ఉండగా మైత్రి ఎందుకు? రెండు స్టేషన్ల బదులు ఒకటే ఉంచుకుంటే ఈ 2,000 కోట్లలో సగంతో భారతిని పెంచుకోవచ్చు కదా. ధ్రువకక్ష్య ఉపగ్రహాల డేటా అందుకునే యాంటెన్నా భారతిలోనే ఉంది. అక్కడ దిగిన డేటా షాద్‌నగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) చేరుతోంది. దేశానికి నేరుగా పనికొచ్చేది అదీ.

పునాదిరాయి

రెండింటి మధ్య నేరుగా కొలిస్తేనే సుమారు 2,300 కి.మీ. అండి. విజయవాడ నుంచి శ్రీనగర్ దాకా నేరుగా కొలిచినా అంత దూరం రాదు. వాతావరణం, అయస్కాంత క్షేత్రం, భూకంపాల రికార్డు మైత్రిలో దశాబ్దాలుగా ఒకే చోట నుంచి నడుస్తోంది. దాన్ని భారతికి మార్చలేం, అక్కడ సున్నా నుంచి మొదలవుతుంది. మైత్రి-2ను పాత స్టేషన్‌కు దగ్గర్లో పెట్టమనడానికి పెద్ద కారణం అదే: రెండు స్టేషన్లలో పరికరాలను ఒక ఏడాది పక్కపక్కన నడిపి తేడా సరిచూసుకోవచ్చు.

ఇక కట్టడంలో ఏది దెబ్బతింటుందో చెప్తాను, ఎందుకంటే టెండర్ పత్రంలో రాయాల్సింది ఇదే.

పునాది. రాతి మీద కడుతున్నాం కాబట్టి కాంక్రీటు దిమ్మెలు పోద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. 5 డిగ్రీల కింద సిమెంట్ గట్టిపడటం బాగా నెమ్మదిస్తుంది, గట్టిపడకముందే అందులోని నీరు గడ్డకడితే లోపల పగుళ్లు మిగిలిపోతాయి. అందుకే రాతిలో రంధ్రం చేసి ఉక్కు కడ్డీ దించి, వెచ్చబెట్టిన గ్రౌట్ (సందు నింపే పలచటి సిమెంట్ మిశ్రమం) పోసి, పైన హీటింగ్ దుప్పటి కప్పుతారు. పైనున్న గులకరాళ్ల పొర వేసవిలో కరిగి కదులుతుంది, కడ్డీ దాన్ని దాటి గట్టి రాతిలోకి దిగాలి.

ఉక్కు. మన దగ్గర మామూలుగా దొరికే గ్రేడు చలికి పెళుసవుతుంది. మైనస్ 50 దగ్గర దెబ్బ తట్టుకునే పరీక్ష నెగ్గిన గ్రేడు అడగాలి, బోల్టులకూ అదే. కేబుల్ తొడుగు మామూలు పీవీసీ అయితే చలిలో వంచగానే పగులుతుంది.

గాలి. ఇల్లు కాళ్ల మీద ఎత్తుగా ఉండాలి, పొడుగు వైపు గాలికి సమాంతరంగా ఉండాలి. అప్పుడే కింద గాలి దూసుకుపోయి మంచును ఊడ్చేస్తుంది. కంటైనర్లను అడ్డదిడ్డంగా పక్కన నిలబెడితే ఒక్క తుపానుకే వాటి వెనక గుట్ట పేరుకుని ఇంటిని తాకుతుంది. తలుపు లోపలికే తెరుచుకోవాలి, లేకపోతే పొద్దున్నే మంచు అడ్డుపడి బయటికి రాలేరు.

నిప్పు. 2012 ఫిబ్రవరిలో బ్రెజిల్ కమాండంటే ఫెరాజ్ స్టేషన్‌లో జనరేటర్ల దగ్గర మంటలు పుట్టి స్టేషన్ చాలావరకు కాలిపోయింది, ఇద్దరు నౌకాదళ సిబ్బంది చనిపోయారు. మళ్లీ కట్టి తెరిచేసరికి 2020 జనవరి. కాబట్టి జనరేటర్ గదికి వేరే అగ్ని గోడ, ప్రధాన భవనానికి దూరంగా అత్యవసర షెల్టర్, అందులో వేరే జనరేటర్, తిండి, బట్టలు. ఇది ఖర్చు తగ్గించుకునే పద్దు కాదు.

దక్షిణదిక్కు

సాంకేతికంగా మీరు చెప్పినదంతా ఒప్పుకుంటాను. కానీ 2029 జనవరి? న్యూజిలాండ్ చూడండి. స్కాట్ బేస్ కొత్తగా కట్టడానికి 2021 బడ్జెట్‌లో 34.4 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు ఇచ్చారు. భవనాలను టిమారు రేవులో మొత్తంగా కట్టి ఓడలో తీసుకెళ్దామనుకున్నారు. ఖర్చు పెరిగి ఆ ప్రణాళికనే తిరగరాసుకోవాల్సి వచ్చింది. వాళ్లకు అంటార్కిటికా మన కన్నా చాలా దగ్గర.

సరుకుచిట్టా

తేదీ మీద మీతో ఏకీభవిస్తాను. వెనక నుంచి లెక్కించండి. 2029 జనవరిలో తాళం చెవి ఇవ్వాలంటే 2027-28లో ఉక్కు చట్రం, తొడుగు లేవాలి. అంటే కంటైనర్లు, బండ్లు అంతకు ముందు సీజన్‌లోనే షెల్ఫ్ ఎక్కాలి. ఎక్కించే ముందు రేవు దగ్గర ఒకసారి మొత్తం పేర్చి, ప్రతి బోల్టూ పడుతోందో లేదో చూసి, నంబర్లేసి విప్పాలి. అంటార్కిటికా చేరాక ఒక్క గాస్కెట్ (అతుకు మధ్య పెట్టే రబ్బరు పట్టీ) తగ్గినా తర్వాతి ఓడ ఏడాదికి. వీటన్నిటికీ ముందు పర్యావరణ నివేదిక: ముసాయిదా అన్ని దేశాలకూ పంపాలి, వ్యాఖ్యలకు 90 రోజులు, ఒప్పంద సమావేశానికి 120 రోజుల ముందే చేరాలి, తుది నివేదిక పని మొదలుపెట్టే 60 రోజుల ముందు. ఒక సమావేశం తప్పితే ఒక సీజన్ తప్పినట్టే. నా అంచనాలో రెండు సీజన్లు జారతాయి.

అయినా ఓడ వచ్చేదాకా ఆగుదామనడం మాత్రం ఆలూ లేదు చూలూ లేదు సామెతే. 2014లో 34 నెలలన్న ఓడ కోసం ఆగి ఉంటే ఇవాళ్టికీ ఆగుతూనే ఉండేవాళ్లం.

దక్షిణదిక్కు

సరే, వరస మీద సగం దిగొస్తాను. కానీ ఒక షరతు. పాత మైత్రిని విప్పి తీసుకురావడం ఇదే 2,000 కోట్లలో ఉందా, లేదా? మొదటి స్టేషన్ దక్షిణ గంగోత్రిని ఐస్ షెల్ఫ్ మీద కట్టి, 1990కల్లా మంచుకు వదిలేశాం. అప్పుడు మాడ్రిడ్ ఒప్పందం లేదు. ఇప్పుడు ఉంది, 2022 నుంచి మన సొంత అంటార్కిటిక్ చట్టం కూడా ఉంది.

సరుకుచిట్టా

కలిపే రాయాలి, అదీ మొదటి టెండర్‌లోనే. కట్టే రెండు సీజన్లూ పాత మైత్రే కూలీల క్యాంపు, కాబట్టి ముందే విప్పలేం. కానీ కంటైనర్లు దించిన స్లెడ్జిలు షెల్ఫ్‌కు ఖాళీగానే తిరిగి వెళ్తాయి, ఓడ కూడా ఖాళీగానే కేప్‌టౌన్ వెళ్తుంది. పాత ఇనుము, జనరేటర్లు, డ్రమ్ములు, నూనె మరకల మట్టితో సహా, ఆ ఖాళీ ట్రిప్పుల్లో తెస్తే దారి ఖర్చు దాదాపు ఉండదు. వేరే కాంట్రాక్టుగా నాలుగేళ్ల తర్వాత పిలిస్తే దాని కోసం మళ్లీ ఓడ, మళ్లీ ఎనిమిది బండ్లు, మళ్లీ 51 రోజులు.