అప్‌డేట్: గలగలా మాట్లాడే మా అమ్మాయికి ఆటిజమేనట
మాటకారి, మార్కులూ బాగానే వస్తాయి, కానీ స్కూల్ నుంచి రాగానే మా అమ్మాయి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు పడుకుంటోంది, ఇది ఆటిజం కావచ్చా అని అడిగాను కదా, అవునని క్లినికల్ సైకాలజిస్ట్ తేల్చారు. కళ్లలోకి చూసి మాట్లాడుతుంది కాబట్టి కాదని ఇంతకుముందు ఒక డాక్టర్ కొట్టిపారేశారు, ఆ కోపం నాకింకా పోలేదు. తోటిపిల్లలు ఎప్పుడు నవ్వుతున్నారో, ఎలా మాట్లాడుతున్నారో గమనించి అచ్చం అలాగే చేస్తూ రోజంతా నెట్టుకొస్తుందట. దీన్ని మాస్కింగ్ అంటారు, ఆడపిల్లల్లో ఎక్కువ. నేర్చుకున్న పద్ధతుల వెనక లక్షణాలు దాగిపోవచ్చని 2013లో వచ్చిన డీఎస్ఎం-5లోనే (ఇలాంటివి నిర్ధారించడానికి డాక్టర్లు వాడే పుస్తకం) ఉంది, శబ్దాలు, బట్టల కుట్లు భరించలేకపోవడం కూడా అందులో లక్షణమే. ఇప్పుడు మిక్సీ వేసేముందు తనకు చెప్తున్నాం, ఇంటికి రాగానే ప్రశ్నలు అడగకుండా కాసేపు తన గదిలో వదిలేస్తున్నాం. ఏడుపు బాగా తగ్గింది. మా అత్తయ్యగారు మాత్రం ఇంకా నమ్మట్లేదు.